సగటు మనిషిని నమ్మని డిజైనర్

ప్రొడక్ట్ డిజైన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళితే మీ యూజర్ ఎవరని అడుగుతారు. అందరూ అనేస్తే దొరికిపోయినట్టే. ఈ ప్రశ్న వెంట జీవితమంతా తిరిగిన మనిషి హెన్రీ డ్రైఫస్. పాత హాలీవుడ్ సినిమాల్లో కనిపించే నల్ల డయల్ ఫోన్, హనీవెల్ గుండ్రటి థర్మోస్టాట్ ఆయన చేతి నుంచి వచ్చినవే. ఇంజినీరింగ్ డిగ్రీ మాత్రం లేదు!

1904లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. నార్మన్ బెల్ గెడెస్ దగ్గర నాటకాలకి సెట్లు వేయడం నేర్చుకున్నారు. ఆ రోజుల్లోనే ఓ సినిమా కంపెనీ ఆయన్ని అయోవా రాష్ట్రంలోని సూ సిటీకి పంపింది. అక్కడ ఖరీదైన కొత్త థియేటర్ కట్టారు, జనం రావట్లేదు. టికెట్ ధర తగ్గించినా లాభం లేదు. డ్రైఫస్ కొన్ని రోజులు లాబీలో నిలబడి వచ్చిపోయేవాళ్ల మాటలు విన్నారు. ఆ ఊళ్లో ఎక్కువమంది రైతులు, కూలీలు. మట్టి బూట్లతో ఆ మెత్తటి తివాచీ తొక్కాలంటే భయం. తివాచీ తీయించి మామూలు రబ్బరు మ్యాట్ వేయించారు. హాలు నిండింది.

1929లో సొంత ఆఫీసు పెట్టారు. భవిష్యత్తు ఫోన్ ఎలా ఉంటుందో బొమ్మ గీసిస్తే వెయ్యి డాలర్లిస్తామంది బెల్ ల్యాబ్స్. ఇంజినీర్లతో కలిసి కూర్చుని లోపలి నుంచి పని చేస్తేనే గీస్తానన్నారు. వాళ్లు ఒప్పుకోలేదు, ఈయన డబ్బు వదిలేసుకున్నారు. కొత్తగా ఆఫీసు పెట్టినవాడికి అది చిన్న మొత్తం కాదు. తర్వాత బెల్ వాళ్లే తిరిగి వచ్చారు. 1937లో 302 మోడల్, 1949లో 500 మోడల్ ఫోన్లు అలా వచ్చాయి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత చేతులు కోల్పోయిన సైనికుల కోసం కృత్రిమ అవయవాల మీద కూడా పనిచేశారు. 1955లో రాసిన డిజైనింగ్ ఫర్ పీపుల్ పుస్తకంలో జో, జోసఫిన్ అనే ఇద్దరిని పరిచయం చేశారు. ఒళ్లంతా కొలతలు రాసి ఉన్న మగ, ఆడ బొమ్మలవి. 1960లో ద మెజర్ ఆఫ్ మ్యాన్ పేరుతో ఆ కొలతల చార్టులు అచ్చేశారు.

అందులో సగటుతో పాటు బాగా పొట్టివాళ్ల, బాగా పొడుగువాళ్ల లెక్కలూ ఉన్నాయి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. సగటు ఎత్తుకి గుమ్మం పెడితే దాదాపు సగంమందికి తల తగులుతుంది. సగటు చెయ్యికి అల్మరా పెడితే మిగతా సగానికి అందదు. గుమ్మానికి పొడుగువాళ్లని చూడాలి, అల్మరాకి పొట్టివాళ్లని. స్టాటిస్టిక్స్ పేపర్‌లో పాసైతే చాలనుకుని వదిలేసే పర్సంటైల్ ఇదే! రోజంతా ట్రాక్టర్ మీద కూర్చునే రైతు కోసం జాన్ డీర్ 1960లో తెచ్చిన సీటుకి ఆయన ఆఫీసు జానెట్ ట్రావెల్ అనే డాక్టర్ సలహా తీసుకుంది. మనిషిని బట్టి సర్దుకునే సీటది.

అయితే ఆ చార్టుల్లో నాకు నచ్చని సంగతి ఒకటుంది. కొలతల్లో చాలా భాగం అమెరికా సైన్యం రికార్డులవి. సైన్యం అంటే ఏరి తీసుకున్న, ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు. అరవై ఏళ్ల బామ్మ మోకాలు అందులో ఎక్కడుంటుంది? పైగా జోసఫిన్‌ని ఇస్త్రీ బల్ల దగ్గరా, టెలిఫోన్ స్విచ్‌బోర్డు ముందూ నిలిపారు. కాలం అలాంటిది అనుకోవాలి. లెక్క ఎంత కచ్చితమైనా, ఎవరిని కొలిచారో వాళ్లకే సరిపోతుంది.

డ్రైఫస్ 1972లో చనిపోయారు. ఆయన దగ్గర ఆ కొలతల పని చూసిన ఆల్విన్ టిల్లీ 1993లో దాన్ని కొత్తగా తెచ్చినప్పుడు పేరు మారింది: ద మెజర్ ఆఫ్ మ్యాన్ అండ్ ఉమన్. మన దేశం వాళ్ల కొలతలతో దేబ్‌కుమార్ చక్రవర్తి చేసిన పుస్తకాన్ని 1997లో అహ్మదాబాద్ ఎన్‌ఐడీ ప్రచురించింది. ఫైనలియర్ ప్రాజెక్టుగా కుర్చీయో, హెల్మెట్టో, వీల్‌చైరో చేస్తున్నవాళ్లు విదేశీ చార్టు డౌన్‌లోడ్ చేసే ముందు దాన్నొకసారి తిరగేయండి.