దామెర్ల రామారావు: 28 ఏండ్లు నిండని జీవితం



వైద్యానికో, పెండ్లి బట్టలకో, రైలెక్కడానికో రాజమహేంద్రవరం వెళ్లని కుటుంబం మన గోదావరి సీమలో ఉండదు. వంతెనలు చూస్తాం, పుష్కర రేవు చూస్తాం, పని ముగించుకుని బస్సెక్కుతాం. అదే ఊరిలో, గోదావరికి చేరువలోనే, దామెర్ల రామారావు చిత్రకళా మందిరం ఉన్నది. ఒకే చిత్రకారుని పేరిట ప్రదర్శనశాల నిలవడం తెలుగునాట అరుదు. ఆయన పనిచేయగలిగిన కాలమో, చాలా కొద్ది.

రామారావు 1897 మార్చి 8వ తేదీన ఈ ఊరిలోనే ఒక వైద్యుని ఇంట జన్మించాడు. చిన్ననాటి నుండి ఆయన చేయి బొమ్మల మీదికే పోయేది. పిల్లవాడు నోటుపుస్తకం అట్ట మీద బొమ్మ గీస్తే మనం చీవాట్లు పెడతాం. ఈ బాలుని అదృష్టం వేరు. 1909 నుండి 1919 వరకు రాజమండ్రి ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న ఆంగ్లేయుడు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆ చేతిలోని పనితనాన్ని కనిపెట్టాడు. దొరగారు స్వయంగా చిత్రకారుడు, రచయిత. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు, వరదా వెంకటరత్నం కూడా ఆయన చుట్టూ చేరిన విద్యార్థులే. ఒక్క గురువు నీడన అంతమంది కళాకారులు తయారైన ఊరు మరొకటి చెప్పమంటే చెప్పడం కష్టమే.

కూల్డ్రే దొర ప్రోత్సాహంతో రామారావు 1916లో బొంబాయి వెళ్లి, జె.జె. కళాశాలలో చేరాడు. అక్కడ పాశ్చాత్య పద్ధతి నేర్చాడు. వెలుగు నీడలు, దూరం దగ్గర, మనిషి ఒంటి కొలతలు కుంచెకు పట్టుబడ్డాయి. తరువాత కలకత్తా వెళ్లి బెంగాలు చిత్రకారుల నీటిరంగుల విధానాన్ని దగ్గరగా చూశాడు. అవనీంద్రనాథ్ టాగోర్ ఆదరణ పొందాడు. అయినా ఎవరినీ అనుకరించలేదు. రెండింటిలోనూ తనకు కావలసినది తీసుకుని ఇంటికి వచ్చాడు. పేరు, డబ్బు ఉన్న పట్టణాలను విడిచి సొంత ఊరిలో చిత్రకళాశాల స్థాపించి, కుర్రవాండ్లకు బొమ్మలు నేర్పనారంభించాడు. నా మటుకు ఆయన జీవితంలో అన్నిటికంటె పెద్ద పని అదే.

మందిరానికి వెళ్లినవారు తొందరపడకుండా చూడాలి. 'పుష్పాలంకరణ'లో స్త్రీలు మన ఇండ్లలోని ఆడబిడ్డలవలె కనిపిస్తారు. 'సిద్ధార్థ రాగోదయం', 'నందిపూజ' పేరుపొందిన చిత్రాలు. కొండల నడుమ గోదావరిని కూడా ఆయన చిత్రించాడు. గీత సన్ననిది, తీగ సాగినట్లు పోతుంది. రంగు కండ్లకు గుచ్చుకోదు. పెద్ద బొమ్మల ముందు అందరూ నిలబడతారుగాని, చిన్న పెన్సిలు బొమ్మలను విడిచిపెట్టరాదు. ఒక్క చేయి వంపు కుదరడానికి ఎంత కృషి కావాలో అక్కడ తెలుస్తుంది.

ఆయన 'ఋష్యశృంగ' చిత్రానికి కలకత్తాలో బహుమతి వచ్చింది. ఒక ప్రకృతి చిత్రాన్ని వైస్రాయి రీడింగు ప్రభువు కొన్నాడు. 1924లో లండను వెంబ్లీ ప్రదర్శనకు కూడా ఆయన చిత్రకళ చేరింది. మరుసటి సంవత్సరమే మశూచి సోకింది. 1925 ఫిబ్రవరి 6వ తేదీన రామారావు మరణించాడు. మరొక నెల గడిస్తే 28 నిండేవి. మశూచికి టీకా 1796లోనే కనుగొన్నారు. అయినా ఆ వ్యాధి మన దేశాన్ని విడిచిపోవడానికి 1975 వరకు పట్టింది. లోకమంతటా అంతరించినదని 1980లో ప్రకటించారు. ఈనాటి పిల్లలకు దాని పేరైనా తెలియదు.

గురువు పోతే బడి మూతపడడం, బొమ్మలు తలొక చోటికి పోవడం ఎన్నోచోట్ల జరిగేదే. ఇక్కడ అలా జరగలేదు. స్నేహితుడు వరదా వెంకటరత్నం తన సొంత చిత్రకళను సాగిస్తూనే ఆ కళాశాలను కూడా భుజాన వేసుకున్నాడు. బొమ్మలు చెదిరిపోకుండా ఒకచోట నిలిచాయి. తరువాత మందిరం ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది.

అక్కడకు వెళ్లినప్పుడు మరి రెండు పేర్లు వెదకి చూడండి. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ. ఆడపిల్ల బడికి పోవడమే అరుదైన ఆ రోజులలో వారిద్దరూ కుంచె పట్టారు. వారి చిత్రాలు కూడా ఆ మందిరంలోనే, ఆయన బొమ్మల సరసన ఉన్నాయి.