ఆమె నగలు ఎక్కడికి వెళ్ళాయి?

నా పెళ్ళిచూపుల్లో నేను పాడింది త్యాగరాజస్వామి వారి కల్యాణి రాగ కీర్తన. డబ్బు సుఖమా, రాముడి సన్నిధిలో సేవ సుఖమా అని ఆయన తన మనసును అడిగిన పాట. సంగీతం నేర్చుకున్న వాళ్ళందరికీ తెలిసే ఉంటుంది. మెళ్ళో మా పెద్దత్తయ్య చంద్రహారం, చేతులకు పిన్ని గాజులు. పాడేసి లోపలికి వచ్చానో లేదో, వసారాలో కట్నం మాటలు మొదలయ్యాయి! అప్పుడు నాకు నవ్వు రాలేదు గానీ, తర్వాత చాలాసార్లు వచ్చింది.

ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. సొంతానికి ఒక్క గాజైనా లేని పిల్ల ధనం సుఖం కాదని పాడితే దానికి విలువేముంటుంది? బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళుతూ, ఇద్దరు భార్యలకూ ఆస్తి పంచుతానంటాడు. ఈ ధనంతో అమృతత్వం వస్తుందా అని మైత్రేయి అడుగుతుంది. రాదు, కలిగినవాళ్ళలా సుఖంగా బతకొచ్చు, అంతే అంటాడాయన. అయితే నాకొద్దంటుంది. మైత్రేయిని అందరం పొగుడుతాం. కానీ ఆమె వద్దనగలిగింది ఎందుకు? ఆయన ఇస్తానన్నాడు కాబట్టి. (పాపం, రెండో భార్య కాత్యాయని ఊసు ఎవరూ ఎత్తరు!)

ఈ ముడి నాకు కాస్త విడిపోయింది బెంగుళూరు నాగరత్నమ్మగారి జీవితం చదివాకే.

ఆవిడ 1878లో మైసూరు సంస్థానంలోని నంజనగూడులో, దేవదాసి కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి పోయింది. సంస్కృతం, కన్నడం, తెలుగు, సంగీతం, నాట్యం అన్నీ పట్టుదలగా నేర్చుకున్నారు. మద్రాసు చేరి కచేరీలతో పేరు, డబ్బు రెండూ సంపాదించారు. మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన తొలి గాయని ఆవిడే అంటారు. సొంత ఇల్లు, పెట్టెల నిండా నగలు. తండ్రి పెట్టినవి కావు, మొగుడు చేయించినవి కావు, గొంతు పెట్టి సంపాదించుకున్నవి.

ఆ సుఖాలను ఆవిడ ఎప్పుడూ పాపమనుకోలేదు. తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలోని ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని 1910లో వావిళ్ళవారి ద్వారా మళ్ళీ అచ్చు వేయించారు. శృంగారం ఒక ఆడది రాయడమేమిటని కందుకూరి వీరేశలింగం పంతులుగారంతటివారు ఈసడించిన పుస్తకం అది. మగకవులు రాస్తే రాని సిగ్గు ఆడవాళ్ళు రాస్తేనే వస్తుందా అని ఆవిడ నిలదీశారు. దొరల ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన రోజుల్లో గానీ ఆ నిషేధం పోలేదు. ధర్మార్థకామమోక్షాలు నాలుగూ పురుషార్థాలే అని మనవాళ్ళే చెప్పారు గదా. మధ్యవి రెండూ ఆడదాని దగ్గరికి వచ్చేసరికి మాత్రం తప్పులైపోతాయి!

1921లో గురువు బిడారం కృష్ణప్పగారి దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. తిరువయ్యారులో కావేరి ఒడ్డున త్యాగయ్యగారి సమాధి పట్టించుకునే దిక్కు లేక పాడుపడి ఉందని. ఉంఛవృత్తి చేసుకుని బతికి, రాజు పిలిచినా సభకు వెళ్ళని మనిషికి 1847లో కట్టిన సమాధి అది. ఆవిడ ఉన్నపళాన బయల్దేరారు. స్థలం సంపాదించారు. నగలు అమ్మారు, తర్వాత మద్రాసు ఇల్లూ అమ్మారు. 1925 జనవరిలో అక్కడ త్యాగరాజస్వామి గుడికి ప్రతిష్ఠ జరిగింది. ధనం సుఖం కాదన్న మహానుభావుడికి గూడు కట్టింది ఒక ఆడమనిషి సంపాదించిన ధనమే. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

అంత చేసినా, ఆరాధనలో ఆవిణ్ణి పాడనిచ్చారా? లేదు! అప్పట్లో ఉత్సవం చేసే మగవాళ్ళు పెద్ద కట్చి, చిన్న కట్చి అని రెండు వర్గాలు. ఆడవాళ్ళను దగ్గరికి రానివ్వని విషయంలో మాత్రం రెండూ ఒకటే. నాగరత్నమ్మగారు ఊరుకోలేదు. 1927 నుంచి సమాధి వెనకవైపు ఆడవాళ్ళతోనే ఆరాధన మొదలుపెట్టారు. దానికి ఆడవాళ్ళ కట్చి అనే పేరు పడిపోయింది. 1940లో వర్గాలన్నీ కలిశాక గానీ ఆడవాళ్ళకు ఆ వేదిక మీద చోటు దక్కలేదు.

ఆవిడ మద్రాసు వదిలేసి తిరువయ్యారులోనే ఉండిపోయారు. పట్టుచీరలూ వడ్డాణాలూ ఎరిగిన మనిషి అక్కడ రోజూ సమాధి ముందు పూజ, పాట, అంతే. దాన్ని వైరాగ్యం అనడానికి నాకు మనసొప్పదు. సొమ్ము మీద రోత పుట్టి విసిరికొట్టలేదావిడ, చూసి చూసి ఒకచోట పెట్టారు. 1949లో రాసిన వీలునామాలో మిగిలినదంతా ట్రస్టుకు ఇస్తూ ఒక షరతు పెట్టారు. దేవదాసీలతో సహా ఆడవాళ్ళకు ఆ సమాధి దగ్గర మగవాళ్ళతో సమానంగా పూజించే హక్కు ఉండాలని. ఇచ్చేటప్పుడు కూడా లెక్క మరిచిపోలేదు చూశారా!

1952 మేలో ఆవిడ కన్నుమూశారు. త్యాగయ్యగారి సమాధికి ఎదురుగానే ఆవిడ సమాధి ఉంది. పుష్య బహుళ పంచమినాడు పంచరత్నాలు పాడటానికి వచ్చే వందలమందిలో ఆడవాళ్ళు ఎంతమందో. మెళ్ళో, చేతులకు బంగారం పెట్టుకున్నవాళ్ళే చాలామంది. అటు తిరిగి పాడుతుంటే, వెనకనుంచి నాగరత్నమ్మగారి విగ్రహం చూస్తూ ఉంటుంది.