కలియుగ భీముడు తొలుత బడిపిల్లల గురువే

బాన్సువాడ చుట్టుపక్కల పల్లెల్లో జాతర వచ్చిందంటే కుస్తీలు ఉండాల్సిందే. చిన్నపిల్లల కొబ్బరికాయ కుస్తీతో మొదలై, పేరున్న మల్లుల వెండి కడెం కుస్తీతో పోటీలు ముగుస్తాయి. కుస్తీ అంటే ఇంత ఇష్టపడే మన పల్లెల్లో కోడి రామ్మూర్తి నాయుడి పేరు విన్నవారు చాలామందే ఉంటారు. అయితే కలియుగ భీముడని పేరు పొందిన ఆ వీరుడు తొలుత బడిపిల్లలకు వ్యాయామం నేర్పిన ఉపాధ్యాయుడన్న సంగతి తెలిసినవారు తక్కువ.

రామ్మూర్తి 1882లో వీరఘట్టంలో జన్మించారు. అప్పట్లో శ్రీకాకుళం ప్రాంతంలో ఉన్న ఆ ఊరు నేడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వస్తుంది. చిన్ననాడే తల్లి పోయింది. తండ్రి వెంకన్న నాయుడు గారాబంగా పెంచారు. పొద్దున్నే లేచి ఊరి చెరువు వైపు పరుగు తీయడం, సాము చేయడం పిల్లవాడికి అలవాటు. చదువు మీద కంటే ఆటల మీదే ధ్యాస ఎక్కువ కావడంతో తండ్రి అతన్ని విజయనగరంలో ఉన్న పినతండ్రి నారాయణస్వామి ఇంటికి పంపారు. అక్కడ వ్యాయామశాలలో చేరిన కుర్రవాడు కుస్తీ పట్లు నేర్చాడు. ఇరవై ఒక్క ఏళ్ల వయసుకే రొమ్ము మీద ఒకటిన్నర టన్నుల బరువు మోసేవాడని చెబుతారు.

అంత బలం ఉన్నా క్రమమైన శిక్షణ అవసరమని పినతండ్రి గుర్తించారు. మద్రాసు దగ్గరి సైదాపేటకు పంపి వ్యాయామ విద్య చెప్పించారు. శిక్షణ ముగించి వచ్చిన రామ్మూర్తి, తాను చదివిన విజయనగరం బడిలోనే వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు.

ఆ తర్వాత సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిరిగారు. రొమ్ముకు చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచేవారు. కదలబోయే మోటారు కార్లను పట్టి ఆపేవారు. ఏనుగును రొమ్ము మీదికి ఎక్కించుకునేవారు. ఇండియన్ హెర్క్యులస్ అన్న బిరుదు ఆయనకు దక్కింది. ఆయన శాకాహారి. ప్రాణాయామం విడువని సాధకుడు. సంపాదనలో చాలాభాగం దానధర్మాలకే వెచ్చించారు. చివరి రోజుల్లో ఒక కాలు తీసివేయవలసి వచ్చింది. 1942లో ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశారు.

ఈ జీవితం నుంచి మన పల్లెలు నేర్చుకోవలసింది ఏనుగును మోయడం కాదు. ఆయన బలానికి పునాది చిన్ననాడే పడిన రోజువారీ అలవాటు. ఎముకలు గట్టిపడేదీ, గుండె, ఊపిరితిత్తులు బలపడేదీ పెరిగే వయసులోనే. ఐదేళ్లు దాటిన పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గంటంతా ఒకేసారి కానక్కరలేదు. పొద్దున ఇరవై నిమిషాలు, మధ్యాహ్నం పది, సాయంత్రం అరగంట ఆడినా లెక్కే.

మరి ఆడించేవారెవరు? ప్రతి బడికీ ఆటస్థలం, ఆట వస్తువులు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పింది. వ్యాయామ బోధకుణ్ణి మాత్రం 6 నుంచి 8 తరగతుల్లో పిల్లలు 100 మంది దాటిన చోటనే చూపింది. అంటే ప్రాథమిక పాఠశాల పిల్లలకు రామ్మూర్తి వంటి గురువు రాసి లేడు. పాఠం చెప్పే పంతులే ఆ గంట బాధ్యత తీసుకోవాలి. ఇందుకు ఖర్చు లేదు. చిర్రగోనె, కబడ్డీ, ఖోఖో, తొక్కుడుబిళ్ల, తాడాట చాలు.

రామ్మూర్తి కాలపు వ్యాయామశాలలు మగపిల్లలవే. ఇప్పుడా మాట చెల్లదు. మన జిల్లాలోని తాడ్వాయి గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్ల వయసులోనే ఎవరెస్టు ఎక్కింది. కాబట్టి సాయంత్రం కాగానే అంట్లు తోమమని ఆడపిల్లను ఆట మధ్యలోంచి పిలవకూడదు.

తల్లిదండ్రులు బడి దగ్గరే ఉంటే పిల్లలను బండి మీద దించకుండా నడిపించాలి. ఇంటికి రాగానే చేతికి సెల్‌ఫోన్ ఇవ్వకుండా వాకిట్లోకి పంపాలి. గ్రామ పెద్దలు బడి ఆవరణలో ముళ్లకంప, గాజు పెంకులు ఏరించాలి. కోతల కాలంలో అది వడ్ల కల్లం కాకుండా కాపాడాలి. ఆ జాగా పిల్లలది.