ఆత్మనిగ్రహమే స్వరాజ్యానికి పునాది: రాజాజీ జీవితం

మన హోసూరుకు సమీపాన గల తొరపల్లి గ్రామంలో 1878 డిసెంబరు 10వ తేదీన చక్రవర్తి రాజగోపాలాచారి జన్మించారు. తండ్రిగారు ఆ గ్రామ మునసబు. హోసూరు పాఠశాలలో మొదలైన విద్యాభ్యాసం బెంగుళూరు సెంట్రల్ కళాశాల, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలల వరకు సాగింది. 1900లో సేలంలో న్యాయవాద వృత్తి చేపట్టి కీర్తిని, ధనాన్ని గడించారు.

గాంధీజీ పిలుపుతో ఆ వృత్తిని త్యజించారు. 1921 డిసెంబరు నుండి మూడు మాసాలు వేలూరు చెరసాలలో గడిపారు. పరాయి పాలన తొలగినంత మాత్రాన ప్రజలకు సుఖం చేకూరదనీ, సత్ప్రవర్తన నేర్పే విద్య కొరవడితే ఎన్నికలు అవినీతికీ ధనబలానికీ ఆటపట్టులవుతాయనీ అక్కడి దినచర్యలో వ్రాసుకొన్నారు. తన్ను తాను ఏలుకొనలేని వాడు దేశాన్ని ఏలుకొనలేడన్న విశ్వాసమే వారి జీవితానికి ఇరుసు.

1925లో తిరుచెంగోడు వద్ద గాంధీ ఆశ్రమం స్థాపించి ఖాదీ, మద్యపాన విసర్జన, అస్పృశ్యతా నివారణలకై కృషి చేశారు. 1937లో మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు. ఆ ఏడు అక్టోబరు 1న మద్యనిషేధాన్ని తొలుత సేలం జిల్లాలో అమలు జరిపారు. హోసూరు, కృష్ణగిరి ఆనాడు ఆ జిల్లాలోనివే. మరుసటి ఏడు అది చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపించింది. ఖజానాకు కలిగిన నష్టాన్ని పూడ్చుటకు 1939లో అమ్మకపు పన్ను విధించారు. ఆలయ ప్రవేశ చట్టం తెచ్చిందీ ఆ ఏడాదే.

అయితే వారి పాలనలో నిర్బంధపు పాలు లేకపోలేదు. 1938లో పాఠశాలల్లో హిందీని తప్పనిసరి చేయగా తీవ్రమైన ఆందోళన చెలరేగింది. స్వతంత్ర భారతానికి గవర్నర్ జనరల్‌గా పనిచేసి, 1952లో మరల ముఖ్యమంత్రి అయినప్పుడు, బడిపూటను తగ్గించి బాలురు ఇంటి వృత్తిని నేర్వాలన్న 1953 నాటి పథకం కులవిద్యగా నిందకు గురైంది. 1954లో వారు పదవి వీడారు. తరువాతి కాలంలో హిందీ నిర్బంధాన్ని తామే ఎదిరించారు. 1959లో స్వతంత్ర పార్టీని స్థాపించి ప్రభుత్వ పెత్తనం మితిమీరరాదని వాదించారు.

1971లో తమిళనాడు ప్రభుత్వం మద్యనిషేధాన్ని ఎత్తివేయబూనినప్పుడు, తొంబది రెండేండ్ల ఆ వృద్ధుడు స్వయంగా ముఖ్యమంత్రి ఇంటికి వెళ్ళి వలదని వేడుకొన్నారు. ఫలితం లేకపోయింది. 1972 డిసెంబరు 25న కీర్తిశేషులైనారు.

ఒక చట్టం తెచ్చిన మేలును మరొక చట్టం తీసివేయగలదు. మనిషి తనకు తాను విధించుకొన్న నియమాన్ని ఏ ప్రభుత్వమూ రద్దు చేయలేదు. ఆ నియమానికి తొలి అక్షరాభ్యాసం జరిగేది ఇంటిలో, బడిలో. ఈ గడ్డపై పుట్టి, ఇక్కడి బడిలో ఓనమాలు దిద్దిన ఆ మహనీయుని జీవితం నుండి మన పిల్లలు గ్రహింపవలసిన పాఠం ఇదే.