డాక్టరు విలియము రాక్సుబర్గు

మన మహదేవపూరు అడవులలోని తునికిచెట్టు నెఱుఁగని బాలుఁ డుండఁడు. దానికి శాస్త్రనామమిడి వర్ణించిన విద్వాంసుని చరిత్రమును మాత్రము కొందఱే యెఱుఁగుదురు. కావున దానిని సంగ్రహముగా వ్రాయుచున్నాము.

విలియము రాక్సుబర్గు 1751లో స్కాట్లండు దేశమున జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యమును, వృక్షశాస్త్రమును అభ్యసించి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుఁడై చెన్నపట్టణము చేరెను. అచ్చట దినదినమును ఎండవేడిమిని, గాలియొత్తిడిని యంత్రములతోఁ గొలిచి వ్రాసికొనుచుండెను.

1781 మొదలు సుమారు పండ్రెండేండ్లు సామర్లకోటలో నివసించెను. సర్కారు సీమల కొండలయందలి చెట్లను పరీక్షించి, ఏ చెట్టు ఏ కాలమున పూచును, గింజ యెప్పుడు పండును, తెలుఁగువా రేమని పిలుతురు అను సంగతులను వ్రాసి, దేశీయ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. వానిలో మున్నూఱు బొమ్మలతోఁ గూడిన మూఁడు సంపుటములు, 1795 మొదలుకొని, లండనులో వెలువడినవి.

1789 తరువాత వానలు తప్పి ఉత్తర సర్కారులలో ఘోరమైన కఱవు సంభవించెను. ఆ దుఃఖమును కన్నులారఁ జూచిన రాక్సుబర్గు, కేవలము వానపైరును నమ్ముకొనుట ప్రమాదమని తలఁచి, కొబ్బరి, తాడి, పనస, అరఁటి మొదలగు ఫలవృక్షములను విరివిగా నాటింపవలెనని కంపెనీవారికి విన్నవించెను.

1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతి యయ్యెను. శ్రీరామపురపు మిషనరీ విలియము కేరీగారు ఇతని మిత్రుఁడు. రాక్సుబర్గు ఒక వృక్షజాతికి కేరీగారి పేరు పెట్టి గౌరవించెను. 1813లో స్వదేశమునకు మరలి, 1815లో ఎడింబరోలో మరణించెను. మిత్రుని వ్రాఁతప్రతులు నశింపకుండ కేరీగారు శ్రీరామపురమున అచ్చు వేయించిరి. 1832లో ఆ గ్రంథము సంపూర్ణముగా వెలువడెను.

ఈ వ్రాఁతల ప్రయోజనము నేఁడు మఱింత యధికమైనది. కొండయడవులలోని చెట్లు ఆకు రాల్చుట, పూచుట, కాచుట ఎండతేమల ననుసరించి జరుగును. వేసవి చివర రాలిన గింజ తొలకరికి మొలకెత్తును. తొలకరి కురిసి పిమ్మట వాన చాలకాలము వెనుదీసినచో మొలక మాడిపోవును. పెద్దచెట్టు పచ్చగా నిలిచియున్నందున చూచువారికి నష్టము తోఁపదు. కాని దాని సంతతి అడవిలో నుండదు. వాతావరణము మాఱుచున్న యీ కాలమున, ఇన్నూఱేండ్ల క్రిందట ఏ చెట్టు ఏ మాసమున పూచెనో తెలిసినఁగదా నేఁటి మార్పును గుర్తింపఁగలము!

విద్యార్థులారా! ఋతువులను నియమించిన దేవుఁడు మనకును కన్నుల నిచ్చియున్నాఁడు. మీ యూరి మోదుగు తొలిపువ్వు పూచిన దినమును ఏటేట వ్రాసి యుంచుఁడు. ఒక యేటి వ్రాఁత స్వల్పముగాఁ దోఁచును. ఇరువదియేండ్ల వ్రాఁత శాస్త్రమున కుపకరించును.