మూత విప్పి చూసిన మనిషి: డాక్టర్ ఏ.ఎస్. రావు

హాస్టల్ మెస్సులో రాత్రి భోజనాలయ్యాక మనవాళ్ల మధ్య ఒక వాదన తప్పకుండా వస్తుంది. సి నేర్చుకోవాలా, జావా నేర్చుకోవాలా, అన్నీ వదిలి పైథాన్ ఒక్కటి పట్టుకుంటే చాలదా? ఎవరి అభిమానం వారిది. సినిమా హీరోల కోసం కొట్లాడుకున్నట్టే కొట్లాడుకుంటాం. కానీ ఇంత వాదనలోనూ మనం అడగని ప్రశ్న ఒకటున్నది. మనం వాడే పనిముట్టు నిజంగా మనదేనా, లేక దాని తాళంచెవి ఇంకెవరి జేబులోనో ఉన్నదా? ఈ ప్రశ్నను మనకంటే చాలా ముందే వేసుకుని, జవాబు కోసం ఒక జీవితాన్నే వెచ్చించిన తెలుగువారొకరున్నారు. ఆయన అయ్యగారి సాంబశివరావు. లోకానికి ఏ.ఎస్. రావుగా తెలుసు.

ఆయన 1914లో నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామంలో పుట్టారు. మన ఖని పక్కనుంచి పారే గోదావరే దిగువన ఆయన సీమను తడుపుతుంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, అక్కడే పాఠాలు చెప్పారు. 1946లో టాటా స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లి, స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివారు. తిరిగి వచ్చి హోమీ భాభా బృందంలో చేరారు.

అప్పటికి మన దేశంలో ఎలక్ట్రానిక్స్ అంటే రేడియో రిపేరు షాపే. అణుశక్తి పరిశోధనకు కావలసిన కొలత సాధనాలన్నీ సముద్రం దాటి రావాలి. కొనుక్కుంటే పని జరుగుతుంది, నిజమే. కానీ పాడైతే? విడిభాగం కోసం నెలల తరబడి ఎదురు చూడాలి. రావుగారి బృందం ఆ సాధనాలను ట్రాంబేలోనే చేయడం మొదలుపెట్టింది. 1956 ఆగస్టులో అప్సర రియాక్టరు పనిలోకి వచ్చింది. దానికి ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది గానీ, నడిపే కంట్రోలు వ్యవస్థ మనవాళ్లు చేసుకున్నదే. బయటినుంచి తెచ్చుకోవడం తప్పని చోట తెచ్చుకో, పగ్గాలు మాత్రం నీ చేతిలో ఉంచుకో. ఆయన జీవితమంతా ఈ సూత్రమే కనిపిస్తుంది.

1962 చైనా యుద్ధం తర్వాత ప్రభుత్వానికి ఎలక్ట్రానిక్స్ విలువ తెలిసివచ్చింది. 1963లో భాభా అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం గార్లతో పాటు రావుగారు అందులో సభ్యులు. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో పోయారు. ఆయన పోయినా పని ఆగలేదు. 1967 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఇసిఐఎల్ వెలిసింది. తొలి మేనేజింగ్ డైరెక్టరు రావుగారే.

1969లో ఆ సంస్థ నుంచి టిడిసి-12 వచ్చింది. టిడిసి అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. ఒక్కొక్క పదానికి 12 బిట్లు. ఈనాటి మన జేబులోని ఫోను ముందు అది చీమ. కానీ అసలు సంగతి వేరే ఉన్నది. యంత్రాన్ని కొన్నవాడు భాష నేర్చుకుంటే చాలు. చేసినవాడు మాత్రం ఆ భాషను యంత్రానికి నేర్పాలి. సర్క్యూట్లకు ఏ ఆజ్ఞలు తెలియాలో తానే నిర్ణయించాలి. వాటిని మనిషి రాయగలిగే అక్షరాల్లోకి తెచ్చే అసెంబ్లర్ కావాలి, ఫోర్ట్రాన్ లాంటి భాషను ఆజ్ఞలుగా మార్చే కంపైలర్ కావాలి. ఆ పనులు చేయడంతో మనదేశంలో ఒక తరం ఇంజనీర్లకు కంప్యూటరు మూత లోపల ఏముందో తెలిసింది. తర్వాత టిడిసి-312, టిడిసి-316 వచ్చాయి.

అదే కాలంలో రెండో దారి కూడా ఉండేది. ఐబిఎం వారు 1959 నాటి నమూనా అయిన 1401 యంత్రాలను ఇక్కడ అద్దెకిచ్చేవారు. నెలనెలా కిరాయి కట్టాలి, యంత్రం మాత్రం మనది కాదు. విదేశీ మారకద్రవ్య చట్టం ప్రకారం వాటా తగ్గించుకోవడానికి ఒప్పుకోక 1978లో ఆ కంపెనీ దేశం వదిలి వెళ్లింది. అప్పుడు ఆ యంత్రాల ఆలనాపాలనా చూసింది మనదేశపు సిఎంసి. లోపలి సంగతి తెలిసిన మనవాళ్లు లేకుంటే ఆ గదులకు తాళాలు పడేవి.

పొగడ్తలే రాస్తే జీవితచరిత్ర కాదు. ఇసిఐఎల్ కంప్యూటర్ల ధర ఎక్కువనీ, ఆర్డరిచ్చినవాళ్లు చాలాకాలం ఎదురుచూడాల్సి వచ్చేదనీ విమర్శ ఉన్నది. చిప్పులు బయటినుంచే వచ్చేవి. 1978 తర్వాత మినీ కంప్యూటర్ల రంగంలోకి ప్రైవేటు కంపెనీలను రానిచ్చారు. స్వయంసమృద్ధి పేరుతో పోటీ లేకుండా చేస్తే వాడేవాడు నష్టపోతాడని ఆ అనుభవం చెబుతుంది. అయినా నేర్చుకున్న విద్య ఎక్కడికీ పోలేదు. హైదరాబాదుకు ఎలక్ట్రానిక్స్ నగరమన్న పేరు ఆ ఆవరణ నుంచే మొదలైంది.

రావుగారికి 1960లో పద్మశ్రీ, 1965లో భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ వచ్చాయి. 2003లో కన్నుమూశారు. హైదరాబాదులో ఏ.ఎస్. రావు నగర్ బస్సెక్కే మనవాళ్లలో ఆ పేరు ఎవరిదో ఎందరికి తెలుసు?

ఈ కథ మన బొగ్గుగనుల వాళ్లకు బాగానే అర్థం కావాలి. తట్టా చెమ్మస్ కాలంలో పిడి విరిగితే ఫిల్లరు తానే కొత్తది దిగేసుకునేవాడు. 1980ల్లో లాంగ్‌వాల్ యంత్రాలు దిగాక, ఒక విడిభాగం కోసం పరాయి దేశం వైపు చూడాల్సి వచ్చింది. ఇప్పుడు సాఫ్ట్‌వేరులోనూ అదే సంగతి. డబ్బిచ్చి కొన్న ఈ-పుస్తకానికి డిజిటల్ తాళం వేసి ఇస్తారు. 2009లో అమెజాన్ కంపెనీ పాఠకులు కొనుక్కున్న ఆర్వెల్ నవలనే వాళ్ల కిండిల్ లోంచి దూరం నుంచి తుడిచేసింది. పుస్తకాల షాపువాడు రాత్రిపూట మనింట్లోకి వచ్చి అల్మారాలోంచి పుస్తకం తీసుకుపోతే ఊరుకుంటామా? మనదేశంలో కూడా 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్ చేరి, ఆ తాళాలకు రక్షణ వచ్చింది. రచయిత కష్టానికి విలువ ఉండాల్సిందే. కానీ కొన్నవాడి హక్కు సంగతేమిటి?

మిత్రులారా, ఏ భాష గొప్పదన్న వాదన సాగనివ్వండి, సరదాకి మంచిదే. కాని మనకు రావుగారి తరానికి లేని వసతి ఒకటున్నది. పైథాన్ కానీ, జిసిసి కంపైలర్ కానీ, దాని లోపలి రాత అంతా ఉచితంగా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఆయన ఒక ఫ్యాక్టరీ పెట్టి సంపాదించిన విద్య మన లాబ్‌లోనే తెరిచి ఉన్నది. ఈ సెలవుల్లో ఒక్కసారైనా ఆ మూత విప్పి చూద్దాం.