బిషపు అజరయ్యగారి జీవితము

నంద్యాలనుండి దక్షిణముగా పోవువారికి ఆళ్లగడ్డలో శిల్పుల ఉలిచప్పుడు వినవచ్చును. శిల్పి చెక్కుచుండగా రాతిముక్కలు నేల రాలుచుండును. రాలిన ముక్కయు మంచి రాయియే. అయినను దానిని విడువనిదే లోపలి రూపము వెలికి రాదు. ఒకప్పుడు మన సీమ సంఘములకు అధ్యక్షులైయుండిన వేదనాయగం శామ్యూలు అజరయ్యగారి చరిత్రము చదువునప్పుడెల్ల నాకు ఆ రాతిముక్కలే జ్ఞప్తికి వచ్చును. ఆయన విడిచినవి చెడ్డవి కావు. కష్టపడి సంపాదించుకొనిన మంచివే.

అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెళ్లాలన్‌విళై అను పల్లెలో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయగముగారు ఆ పల్లె సంఘమునకు గురువు. బాల్యము దాటకమునుపే తండ్రి మరణించెను. తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని, పరీక్షల సమయమున జబ్బుపడుటచేత పట్టము చేతికి రాలేదు. మరల ఆ పరీక్షకు పోనూలేదు. పరీక్ష తప్పినంతమాత్రమున బ్రదుకు ముగిసెనని కుములు బాలబాలికలు ఈ సంగతి గమనింతురు గాక!

1895లో ఆయన వై. ఎం. సి. ఏ. అను క్రైస్తవ యువజన సమాజమున కార్యదర్శియై దక్షిణదేశమంతట సంచరించిరి. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత ధనముతో, తమ సొంత మనుష్యులతో సువార్త పంపుటకై స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీకిని, 1905 డిసెంబరు 25వ తేదీన సీరాంపూరులో వెలసిన జాతీయ మిషనరీ సంఘమునకును ఆయన మూలపురుషులలో ఒకరు. 1907లో జపాను దేశపు సభకును పోయి వచ్చిరి. పేరు వచ్చెను, సభలలో పెద్దపీట దొరకెను.

అట్టి సమయమున, ఇతరులను పొమ్మని ప్రోత్సహించినవారు తామే పోవ నిశ్చయించిరి. 1909లో ఆ పదవిని విడిచి, గురువుగా అభిషేకము పొంది, నైజాము రాజ్యములోని దోర్నకలునకు చేరిరి. అరవమున గొప్ప వక్త యైనవారు ముప్పదియైదవ యేట పసిబిడ్డవలె తెలుఁగు నేర్చుకొనవలసివచ్చెను. ఊరివారు అంటరానివారని దూరముంచిన మాల మాదిగ కుటుంబముల నడుమ ఆయన పని సాగెను. భార్యయగు అన్బు మరియమ్మాళుగారు ఆ పనిలో ఆయనకు తోడైయుండిరి.

అయితే వినయమనఁగా తలవంచుకొని ఊరకుండుట కాదు. 1910లో ఎడింబరో పట్టణమున జరిగిన లోకమిషనరీ మహాసభలో, దొరలు దానము చేయుదురు, శ్రమపడుదురు గాని హిందూదేశపు తోటిపనివారిని స్నేహితులుగా ఎంచుట అరుదని ఆయన నిర్భయముగా తెలిపిరి. కొందరు నొచ్చుకొనిరి. తన గొప్పకొఱకు మాటలాడనివాఁడే ఇతరుల గౌరవముకొఱకు అట్లు మాటలాడఁగలఁడు.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింటు పాలు దేవాలయమున ఆయన బిషపుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయుఁడు ఆయనే. ఆ నియామకమునకు అడ్డు చెప్పినవారును లేకపోలేదు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు బిరుదమిచ్చెను. వెంటాడక విడిచిన పట్టము మఱియొక రూపమున వచ్చినది. దానితో ఆయన పల్లెప్రయాణములు మాత్రము ఆగలేదు. తరువాత నంద్యాల ప్రాంతపు సంఘములును, ఆళ్లగడ్డ చేరువనున్న ముత్యాలపాడు మొదలగు పాత మిషను స్థలములును ఆయన అధ్యక్షతక్రిందికి వచ్చెను. గుడి, మసీదుల శిల్పపు పోలికలు కూర్చి దోర్నకలులో కట్టించిన పెద్ద దేవాలయము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపఁబడెను.

ఆయన మిగుల కోరినది సంఘముల ఐక్యత. 1919లో తరంగంబాడి సభ మొదలుకొని దానికై పాటుపడిరి. కాని 1945 జనవరి 1వ తేదీన ఆయన కన్నుమూయునప్పటికి అది నెరవేరలేదు. 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. మన నంద్యాల సీమలోని ఆంగ్లికను సంఘములలో పెక్కు అప్పుడు చేరక, 1975లో గాని చేరలేదు. ఆనాఁటి పెద్దలకు తీర్పు తీర్చుట మన పని కాదు. ఒక మనుష్యుఁడు తన పేరు విడుచుటయే కష్టము. ఒక సంఘము తన పేరును, ఆచారమును విడుచుట మరింత కష్టమని మాత్రము దీనివలన తెలియుచున్నది. విత్తినవాఁడు పంట చూడకయే వెళ్లెను. ఇదియు ఒక విడుపే.

ఉపాధ్యాయుఁడనైన నేనును నా తరగతిలో ఉత్తీర్ణులైనవారి లెక్కను నా గొప్పగా చెప్పుకొనిన దినములు కలవు; తప్పినవాని పేరు ఆ లెక్కలో ఎన్నఁడును చెప్పలేదు. అజరయ్యగారి జీవితము నన్ను అచ్చటనే నిలిపి అడుగుచున్నది. అపొస్తలుఁడైన పౌలు తన వంశమును, చదువును, నిష్ఠను ఎంచి చూపి, క్రీస్తు నిమిత్తము వాటిని ప్రక్కకు త్రోసెను. బహుమానములు పొందిన విద్యార్థులారా, వాటిని సంతోషముతో ఇంటికి తీసికొనిపొండు, తలిదండ్రులకు చూపుఁడు. పిమ్మట వాటిని గూటిలో పెట్టి, మీ ప్రక్కబల్లపై వెనుకఁబడిన స్నేహితునికి పాఠము చెప్పుఁడు. చేతులు ఖాళీగా నుండినఁగాని ఇంకొకని చేయి పట్టుకొనలేము. అట్టి మనస్సు ప్రభువు మనకందరకు దయచేయునుగాక!